బంకమట్టి గోడ ఎంతసేపు నిలబడుతుంది?

(సొరంగ నిర్మాణంలోకి కొత్తగా వచ్చిన ఇంజనీర్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ డబ్బాలో తడి బంకమట్టి తెచ్చాను. ముందు వరసలో ఉన్నవాళ్లు తలా ఒక ముద్ద తీసుకోండి. పిడికిట్లో పట్టుకుని మెల్లగా నొక్కండి. ఏమీ కాలేదు కదా? ఇంకాస్త గట్టిగా నొక్కండి. ఇంకా గట్టిగా. చూశారా, ఇప్పటిదాకా కదలని మట్టి వేళ్ల సందుల్లోంచి జారి బయటికి వచ్చేసింది. ఒక హద్దు దాకా ఓర్చుకుంది, అది దాటగానే దారి దొరికిన చోటల్లా బయటపడింది. ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ హద్దు గురించి. ఆ హద్దు ఉన్నచోటే ఉండదు, గంటలు గడిచేకొద్దీ మనవైపు జరుగుతుంది. దాని గురించి కూడా మాట్లాడతాను.

సొరంగం తవ్వేటప్పుడు మన వెనక కాంక్రీట్ ముక్కల్ని (సెగ్మెంట్లు) రింగులుగా పేర్చిన లైనింగ్ ఉంటుంది, దాని చుట్టూ ఖాళీల్ని నింపే సిమెంటు ముద్ద, అంటే గ్రౌట్ ఉంటుంది. ఎదురుగా మాత్రం అప్పుడే కోసిన మట్టిగోడ. దాన్నే మనం ఫేస్ అంటాం, తెలుగులో సొరంగ ముఖం అనుకుందాం. మొత్తం సొరంగంలో లైనింగ్ లేని చోటు అదొక్కటే. మనుషులు, యంత్రాలు ఉండేది కూడా అక్కడే.

ఇసుకలో ఇలాంటి గోడ కోస్తే కోస్తుండగానే జారిపోతుంది. ప్రమాదం కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ జాగ్రత్తగా ఉంటారు. బంకమట్టి అలా కాదు. కత్తితో కోసినట్టు నున్నగా, మెరుస్తూ, నిటారుగా నిలబడుతుంది. చూసేవాళ్లకు ధైర్యం వస్తుంది. నాకు భయం ఆ ధైర్యాన్ని చూసే.

అసలు ఎందుకు నిలబడుతుంది? బంకమట్టి రేణువులు చాలా సన్నవి, వాటి మధ్య ఖాళీలు ఇంకా సన్నవి. ఆ ఖాళీల నిండా నీళ్లుంటాయి. గట్టి బంకమట్టిలో, పగుళ్లు లేని చోట, నీరు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు కదిలితే గొప్ప. మనం ఫేస్ కోయగానే ఆ గోడను అటునుంచి ఇటు పట్టి ఉంచిన ఒత్తిడి పోతుంది. మట్టి ఉబ్బాలని చూస్తుంది. ఉబ్బాలంటే లోపలికి నీళ్లు రావాలి, అవి అంత త్వరగా రాలేవు. అప్పుడు రేణువుల మధ్య ఉన్న నీటి ఒత్తిడి పడిపోతుంది, కొన్నిచోట్ల వాతావరణ పీడనం కంటే తక్కువకు వెళ్లి పీల్పుగా మారుతుంది. ఆ పీల్పే రేణువుల్ని ఒకదానికొకటి అదిమి పట్టుకుంటుంది. అంటే, ఇప్పుడు మీరు చూస్తున్న ఆ నున్నటి గోడను పట్టి ఉంచుతున్నది చాలావరకు నీళ్లు ఇంకా రాకపోవడమే. నీళ్లు వస్తున్నకొద్దీ ఆ పట్టు సడలుతుంది. మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి.

నీరు కదిలేలోపు మట్టికి ఉండే బలాన్ని అన్‌డ్రెయిన్డ్ స్ట్రెంత్ అంటారు. మొదటి కొన్ని గంటల లెక్కంతా దానితోనే.

ఆ లెక్క ఎక్కడ మొదలైందో చెబుతాను. 1967లో బ్రామ్స్, బెన్నర్‌మార్క్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. సిలిండర్‌లో బంకమట్టి నింపారు. సిలిండర్ పక్కగోడకు గుండ్రటి రంధ్రం పెట్టారు. పైనుంచి ఒత్తిడి పెంచుతూ పోయారు. మీరు ఇప్పుడు పిడికిట్లో చేసిన పని అదే, కాకపోతే వాళ్లు కొలిచారు. పైనుంచి పడే ఒత్తిడి మట్టి బలానికి సుమారు 6 నుంచి 8 రెట్లకు చేరినప్పుడు మట్టి రంధ్రంలోంచి పొడుచుకుని బయటికి వచ్చింది. బయట జరిగిన ఘటనలతో పోల్చి చూసి, 6 అనే అంకెను హద్దుగా తీసుకోవచ్చన్నారు. రెండేళ్ల తర్వాత, 1969లో మెక్సికో సిటీలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో రాల్ఫ్ పెక్ అనే ఇంజనీరు నిజమైన సొరంగాల అనుభవాలన్నీ కూర్చి చూపించారు. ఈ నిష్పత్తి 5, 6 దాటనంతవరకు బంకమట్టిలో సొరంగం పెద్ద ఇబ్బంది లేకుండా తవ్వవచ్చన్నది ఆయన మాట.

దీన్ని స్టెబిలిటీ నంబర్ అంటారు, రాసేటప్పుడు ఎన్ అని రాస్తాం. సొరంగం మధ్యగీత దగ్గర పైమట్టి బరువు వల్ల ఉండే ఒత్తిడి తీసుకోండి. నేలమీద భవనం లాంటి బరువేదైనా ఉంటే కలపండి. మనం ఫేస్ మీద ఎదురు ఒత్తిడి పెడుతుంటే దాన్ని తీసేయండి. మిగిలినదాన్ని అన్‌డ్రెయిన్డ్ స్ట్రెంత్‌తో భాగించండి. అంతే.

బోర్డు మీద ఒక లెక్క చేద్దాం. 6 మీటర్ల వ్యాసం, పైన 15 మీటర్ల మట్టి. మధ్యగీత లోతు 18 మీటర్లు. ఘనపు మీటరు మట్టి బరువు 20 కిలోన్యూటన్లు అనుకుంటే ఒత్తిడి 360 కిలోపాస్కల్స్. మట్టి బలం 100 కిలోపాస్కల్స్ అయితే ఎన్ విలువ 3.6. ఫేస్ తెరిచి పెట్టి కూడా తవ్వవచ్చు. అదే లోతు, అదే సొరంగం, మట్టి బలం మాత్రం 40. ఎన్ విలువ 9. తెరిచి పెడితే ఫేస్ మీమీదికి వస్తుంది. దాన్ని 4కు దించాలంటే 200 కిలోపాస్కల్స్ ఎదురు ఒత్తిడి కావాలి. ఈ 200ను మనసులో పెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఇక్కడ ఒక మాట. 6 అనేది రాతి మీద చెక్కిన అంకె కాదు. 1970ల చివర్లో కేంబ్రిడ్జ్‌లో రాబర్ట్ మెయిర్, కొంతకాలం తర్వాత కిమురా, సెంట్రిఫ్యూజ్‌లో చిన్న చిన్న నమూనా సొరంగాలు పెట్టి పరీక్షించారు. సెంట్రిఫ్యూజ్ ఎందుకు? నూరో వంతు సైజులో నమూనా చేస్తే దాని బరువు సరిపోదు, మట్టి కూలదు. దాన్ని గిరగిరా తిప్పి బరువును నూరు రెట్లు చేస్తే అసలు సొరంగంలో ఉన్న ఒత్తిళ్లే నమూనాలోకి వస్తాయి. 1981లో వచ్చిన వాళ్ల ఫలితాల్లో రెండు సంగతులు తేలాయి. సొరంగం వ్యాసంతో పోలిస్తే పైమట్టి మందం ఎక్కువ ఉన్నకొద్దీ ఫేస్ తట్టుకునే ఎన్ పెరుగుతుంది. రెండోది మనకు ఇంకా ముఖ్యం. ఫేస్‌కూ చివరి లైనింగ్ రింగుకూ మధ్య ఖాళీగా వదిలిన పొడవు పెరిగితే ఆ హద్దు బాగా తగ్గిపోతుంది.

ఎందుకో ఊహించండి. లైనింగ్ ఫేస్ దాకా ఉంటే, కూలాల్సిన మట్టి ముందువైపు నుంచి మాత్రమే రావాలి. చుట్టూ ఉన్న మట్టి దాన్ని పట్టుకుంటుంది. ఒకటిన్నర, రెండు మీటర్లు లైనింగ్ లేకుండా వదిలితే పైకప్పు కూడా ఫేస్‌తో కలిసి దిగుతుంది. సైట్‌లో 'ఇంకొక్క మీటరు తవ్వేసి తర్వాత రింగ్ వేద్దాం' అనే మాట మీరు తప్పకుండా వింటారు. షిఫ్ట్ అయిపోతుంటుంది, టార్గెట్ టెన్షన్ ఉంటుంది. ఆ ఒక్క మీటరు వేగానికి సంబంధించిన నిర్ణయంలా కనిపిస్తుంది, నిజానికి అది సేఫ్టీ ఫ్యాక్టర్ మీద తీసుకున్న నిర్ణయం. డిజైన్ చేసిన ఇంజనీరుకు ఫోన్ చేయకుండా ఆ నిర్ణయం సూపర్‌వైజర్ తీసుకోకూడదు.

కూలడం గురించే మాట్లాడుతున్నాను, కానీ కూలకముందే ఫేస్ కదులుతుంది. ఎన్ 2 కంటే తక్కువ ఉంటే కదలిక చాలా తక్కువ. 4 దాటితే బాగా పెరుగుతుంది. మట్టి ఫేస్‌లోకి చొచ్చుకు వచ్చినంత మేరా, మనం లెక్కవేసిన దానికంటే ఎక్కువ మట్టి బయటికి తీస్తాం. ఆ ఎక్కువే పైన నేల కుంగడంగా కనిపిస్తుంది. మన 6 మీటర్ల సొరంగం అడ్డుకోత 28 చదరపు మీటర్లు. అందులో ఒక్క శాతం ఎక్కువ తీస్తే మీటరు పొడవుకు 0.28 ఘనపు మీటర్లు. బంకమట్టిలో ఈ కుంగుబాటు పైన వెడల్పాటి పళ్లెంలా పరుచుకుంటుంది, లోతులో దాదాపు సగం, అంటే ఇక్కడ 9 మీటర్లు, దాని వెడల్పుకు కొలత. లెక్క కడితే సొరంగం నడినెత్తిన నేల 12 మిల్లీమీటర్ల పైచిలుకు దిగుతుంది. చాలా భవనాలు దీన్ని ఓర్చుకుంటాయి. అదే మూడు శాతం అయితే? దాదాపు 38 మిల్లీమీటర్లు. పాత ఇటుక గోడలకు అది బీటలు తెచ్చే సంగతి. ఫేస్‌ను పట్టించుకోవడమంటే పైన ఇంట్లో ఉన్నవాళ్లను పట్టించుకోవడం కూడా.

ఇప్పుడు కాలం దగ్గరికి వద్దాం.

నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక చిన్న సొరంగంలో పనిచేశాను. గట్టి బంకమట్టి, ఎన్ 3 లోపే. రెండు రోజులు పని ఆపాల్సి వచ్చింది. ఫేస్ మీద షాట్‌క్రీట్, అంటే గొట్టంతో చిమ్మే కాంక్రీట్, కొట్టాలా అన్న చర్చ వచ్చింది. 'ఎల్లుండి మళ్లీ తవ్వేదే కదా, కొట్టింది పగలగొట్టాలి, ఎందుకు దండగ' అన్నారు. నేను కూడా తలూపాను. పని ఆపే ముందు ఫేస్‌ను బొటనవేలితో నొక్కి చూశాను, గోరు మాత్రమే కాస్త దిగింది. మూడో రోజు పొద్దున వెళ్లి చూస్తే తలుపంత పలక ఒకటి ఊడి కింద పడి ఉంది. అది ఊడిన చోట మట్టి అద్దంలా నున్నగా ఉంది, అంటే అక్కడ ఎప్పటినుంచో పగులు ఉంది. పక్కన నొక్కి చూస్తే వేలు మెత్తగా దిగింది. ఎవరూ అక్కడ లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పలక పడ్డ చోటే పని ఆపడానికి ముందు ఇద్దరు కూలీలు నిలబడి పనిచేశారు. ఆ దృశ్యం ఇప్పటికీ నన్ను వదలదు.

అక్కడ జరిగింది ఇందాక చెప్పిందే. పగులు గుండా నీళ్లు వచ్చాయి. పీల్పు తగ్గింది. మట్టి ఉబ్బి మెత్తబడింది. నీరు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే కదులుతుందని చెప్పాను కదా, మరి రెండు రోజుల్లో ఇంత ఎలా? ఆ మాట పగుళ్లు లేని మట్టికి. గట్టి బంకమట్టిలో సన్నటి పగుళ్లు మామూలు. ఒత్తిడి తీసేయగానే అవి తెరుచుకుంటాయి. వాటి మధ్య ఉన్న చిన్న చిన్న ముక్కలకు నీరు కొద్ది దూరం ప్రయాణిస్తే చాలు.

ఈ పగుళ్ల వల్లే ల్యాబ్ రిపోర్ట్‌తో ఇంకో చిక్కు ఉంది. 38 మిల్లీమీటర్ల శాంపిల్‌లో పగులు ఉండకపోవచ్చు. ఉన్న శాంపిల్ సాధారణంగా ట్యూబ్‌లోంచి తీసేటప్పుడే విరిగిపోతుంది, దాన్ని పక్కన పడేస్తాం. అంటే పరీక్షదాకా వచ్చేవి ఎక్కువగా మంచి ముక్కలే. రిపోర్ట్‌లో 150 కిలోపాస్కల్స్ అని ఉంటే ఫేస్ మొత్తానికి అంత బలం ఉందనుకోవద్దు. పెద్ద శాంపిళ్ల ఫలితాలు ఉన్నాయా అని అడగండి.

కార్ల్ టెర్జాగీ అనే ఇంజనీరు 1950లో సొరంగ నేలల్ని వర్గీకరించినప్పుడు పనివాళ్ల నోటిమాటల్నే ఆధారం చేసుకున్నారు. గట్టిగా నిలిచేది, పెళ్లలుగా రాలేది, పగులు కనిపించకుండా మెల్లగా లోపలికి ఒరిగి వచ్చేది, ఉబ్బేది, జారేది, పారేది. ఆ పేర్లు నాకు ఇష్టం. ఫేస్ ముందు నిలబడ్డ మనిషి చూసేది అదే. మీ డైరీలో కూడా ఎన్ విలువతో పాటు ఈ మాటలు రాయండి. 'ఈరోజు పెళ్లలు రాలుతున్నాయి' అన్న ఒక్క వాక్యం రేపటి షిఫ్ట్‌ వాళ్లకు ఎంతో ఉపయోగపడుతుంది.

ఫేస్‌ను ఎక్కువసేపు, ఎక్కువ వెడల్పున తెరిచి ఉంచకూడదన్న ఆలోచన చాలా పాతది. లండన్‌లో థేమ్స్ నది కింద మార్క్ బ్రూనెల్ 1825లో సొరంగం మొదలుపెట్టారు. ఆయన కట్టిన షీల్డ్‌లో, అంటే తవ్వేవాళ్లను కాపాడుతూ ముందుకు జరిగే కవచంలో, 12 ఇనుప చట్రాలు, ఒక్కోదానిలో మూడు అరలు, మొత్తం 36 అరలు. ఒక్కో అరలో ఒక మనిషి. ఎదురుగా మట్టిని అడ్డచెక్కలు పట్టి ఉంచేవి. పనివాడు ఒక చెక్క తీసి, దాని వెనక మట్టిని కొన్ని అంగుళాలు తవ్వి, చెక్కను ముందుకు జరిపి జాకీతో బిగించి, అప్పుడు రెండో చెక్క తీసేవాడు. అంత పెద్ద ఫేస్‌లో ఏ క్షణాన చూసినా తెరిచి ఉన్నది చిన్న చిన్న ముక్కలే. స్టెబిలిటీ నంబర్ పుట్టడానికి 140 ఏళ్ల ముందు ఆ మనిషి దాన్ని చేతులతో అర్థం చేసుకున్నాడనిపిస్తుంది నాకు.

అయినా నది లోపలికి వచ్చింది. 1827 మే నెలలో ఒకసారి, 1828 జనవరిలో మరోసారి. రెండోసారి ఆరుగురు చనిపోయారు. బ్రూనెల్ కొడుకు ఇసంబార్డ్ గాయాలతో బయటపడ్డాడు. మొదటిసారి నది అడుగున పడిన గుంతను బంకమట్టి నింపిన సంచులతో పూడ్చారు. చివరికి సొరంగం తెరుచుకున్నది 1843లో. షీల్డ్ పద్ధతి సరైనదే, పైన మట్టి కప్పు అనుకున్నంత లేకపోవడం దెబ్బతీసింది.

తర్వాత గాలి ఒత్తిడి వచ్చింది. సొరంగంలోకి గాలిని నొక్కి పంపితే ఫేస్‌ను అది నిలబెడుతుంది. న్యూయార్క్ హడ్సన్ నది కింద మెత్తటి మట్టిలో అలా తవ్వుతుండగా 1880 జులైలో గాలి తప్పించుకుపోయి 20 మంది చనిపోయారు. గాలికి ఒక గుణం ఉంది, చిన్న దారి దొరికితే ఆగదు. ఆ దారిని అది క్షణాల్లో పెద్దది చేస్తుంది.

ఇప్పుడు మెత్తటి బంకమట్టికి ఎక్కువగా వాడేది ఈపీబీ (ఎర్త్ ప్రెషర్ బ్యాలెన్స్) యంత్రం. ఈ పద్ధతి 1970లలో జపాన్‌లో రూపుదిద్దుకుంది. తవ్విన మట్టినే ముందు గదిలో నింపి ఉంచి, దానితోనే ఫేస్‌ను నొక్కి పట్టడం ఇందులో కిటుకు. వెనక స్క్రూ కన్వేయర్ మట్టిని బయటికి లాగుతుంది. యంత్రం ముందుకు వెళ్లే వేగం, స్క్రూ తిరిగే వేగం, ఈ రెంటి పొత్తు మీదే ఒత్తిడి ఆధారపడుతుంది. స్క్రూ వేగంగా తిప్పితే గది ఖాళీ అయి ఒత్తిడి పడిపోతుంది, ఫేస్ లోపలికి వస్తుంది. మరీ నెమ్మదిగా తిప్పితే ఒత్తిడి పెరిగి పైన నేల ఉబ్బుతుంది. బంకమట్టి కటర్‌హెడ్‌కు, అంటే ముందు తిరుగుతూ మట్టిని కోసే చక్రానికి, అతుక్కుని గట్టిపడితే ఇంకో సమస్య, అప్పుడు గదిలో సెన్సార్ చూపే అంకెకు, ఫేస్ మీద నిజంగా పడే ఒత్తిడికి పొంతన ఉండదు. అందుకే ఫోమ్ కలిపి మట్టిని పేస్టులా చేస్తారు. ఒక్క సెన్సార్‌ను నమ్మకండి. బయటికి వచ్చే మట్టిని కన్వేయర్ మీద తూకం వేయండి. రింగుకు ఎంత రావాలో మీకు తెలుసు, అంతకంటే ఎక్కువ వస్తుంటే పైన ఎక్కడో ఖాళీ ఏర్పడుతోంది.

గట్టి మట్టిలో తెరిచిన ఫేస్‌తో వెళ్లేవాళ్లకు వేరే సాధనాలున్నాయి. ఫేస్‌ను ముక్కలుగా విడగొట్టి తవ్వడం, మధ్యలో మట్టి దిమ్మె వదలడం, ఫేస్‌ను కొంచెం గుమ్మటంలా లోపలికి వంచి కోయడం, వెంటనే షాట్‌క్రీట్ కొట్టడం. ఇటలీలో 1980ల నుంచి పొడవాటి ఫైబర్‌గ్లాస్ కడ్డీల్ని ఫేస్‌లోకి ముందుగానే దింపుతున్నారు. అవి ముందున్న మట్టిని గుచ్చి పట్టుకుంటాయి, తవ్వేటప్పుడు యంత్రం వాటిని సులభంగా కోసేస్తుంది. ఇనుపవైతే కోయలేం.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(మధ్య వరస నుంచి: ఎన్ 3 అని లెక్క వచ్చినా ఫేస్ కూలిన సందర్భాలు ఉంటాయా?)

ఉంటాయి. ఆ లెక్క ఫేస్ అంతా ఒకే బంకమట్టి అని అనుకుంటుంది. మధ్యలో నీళ్లున్న ఇసుక పొర ఒక్క అడుగు మందాన ఉన్నా ఆ లెక్క చెల్లదు. ఇసుక పారుతుంది, దాని మీద నిలబడ్డ బంకమట్టి కింద ఆధారం లేక పడుతుంది. పైకప్పు మీద బంకమట్టి పొర పలచబడి, దానిపైన నీళ్లున్న గులకరాళ్ల పొర ఉంటే ఇంకా ప్రమాదం. 1994 సెప్టెంబర్‌లో మ్యూనిక్ నగరంలో మెట్రో సొరంగం కప్పు అలాగే తెగింది. సున్నపు బంకమట్టి కప్పు, దానిపైన నీళ్లు నిండిన గులక. రోడ్డు కుంగి బస్సు ఆ గుంతలోకి జారింది, ముగ్గురు చనిపోయారు. అందుకే ఫేస్ ముందు ఎప్పుడూ కొన్ని మీటర్ల పొడవున సన్న రంధ్రం కొట్టి చూడండి. అందులోంచి నీరు వస్తే, ఎంత తక్కువైనా సరే, పని ఆపి డిజైన్ వాళ్లకు చెప్పండి. వచ్చే నీరు మురికిగా ఉంటే అసలు ఆలస్యం చేయకండి. మట్టి కొట్టుకుపోతోందని దానర్థం.

(వెనక నుంచి: కటర్లు మార్చడానికి మనిషి గదిలోకి వెళ్లాలి కదా, అప్పుడు ఒత్తిడి ఎలా?)

మంచి ప్రశ్న. ఇందాకటి 200 కిలోపాస్కల్స్ గుర్తుందా? మట్టి బలం 100 ఉన్న చోట గదిని ఖాళీ చేసి మామూలు గాలిలోనే వెళ్లవచ్చు, ఎన్ 3.6 కాబట్టి. బలం 40 ఉన్న చోట మట్టిని తీసి ఆ స్థానంలో గాలి ఒత్తిడి పెట్టాలి. 200 అంటే 2 బార్లు. మనిషి ఎయిర్‌లాక్ (గాలి ఒత్తిడిని మెల్లగా మార్చే చిన్న గది) గుండా వెళ్లాలి, బయటికి వచ్చేటప్పుడు గాలి ఒత్తిడిని నెమ్మదిగా, టేబుల్ ప్రకారం దించాలి. లేకపోతే రక్తంలో నైట్రోజన్ బుడగలు కడుతుంది. ఒక్క కటర్ మార్చడానికి కూడా మనిషి శరీరం మీద అంత భారం పడుతుంది. కాబట్టి ఎక్కడ ఆగాలో ముందే ఎంచుకోండి. బోర్‌హోల్ వివరాల్లో గట్టి మట్టి ఉన్న చోటు చూసి, కటర్లు అరిగిపోకముందే అక్కడ ఆగండి. గదిలోకి వెళ్లాక గంటలు రాసి పెట్టండి. మొదటి గంటలో ఫేస్ ఎలా ఉంది, నాలుగో గంటలో ఎలా ఉంది, వేలితో నొక్కి చూసి రాయండి. వేలు ఇదివరకటి కంటే మెత్తగా దిగినా, ఒక పెళ్ల రాలినా, పని సగంలో ఉన్నా సరే మనుషుల్ని బయటికి పంపి గదిని మళ్లీ నింపండి. మిగతా కటర్లు వచ్చేసారి మార్చుకోవచ్చు.